పాటల దండ దొంగ

శనివారం పొద్దున టీ తాగుతూ ఫోన్ తెరిచేసరికి తాళాల మేస్త్రి పాటల దండ పోయింది.

పోవడమంటే ఎక్కడికీ పోలేదు. ఆదివారం ఉదయం తాను గ్రూపులో పెట్టాల్సిన పన్నెండు పాటలు, అదే వరుసలో, ఒకరోజు ముందే అక్కడ ఉన్నాయి. పెట్టినవాళ్ల పేరు ‘చెవిటి పిల్లి’. వారం క్రితం చేరిన కొత్త శాల్తీ. ఆడో మగో కూడా తెలియదు.

ఆ గ్రూపులో రెండు వందల మంది శ్రోతలున్నారు. పాత పాటలు ఏరి, ఒకదాని పక్కన ఒకటి కూర్చి, గంటసేపు వినేలా పంచుకోవడం వాళ్ల సరదా. ఎందరు కూర్చినా మేస్త్రి దండకున్న పేరు వేరు. ఆరేళ్లుగా ఒక్క ఆదివారం తప్పలేదు. పార్సిల్ ఆఫీసులో రసీదులు రాసే భార్య నాలుగు నెలల కిందట పోయింది. ఆ వారం కూడా తప్పలేదు. “మీ చెవికి దండం పెట్టాలి మేస్త్రిగారూ” అని రాసేవాళ్లు జనం. పగలంతా కొట్లో కూర్చుని తాళంచెవులు ఆకురాయితో అరగదీసే మనిషిని, ఇప్పుడు ఇంటికి వెళితే పలకరించేది ఆ రెండు వందల మందే.

ఆదివారం ఆయన తన దండ పెట్టగానే గోల మొదలైంది.

“కాపీ వాసనొస్తోంది మేస్త్రిగారూ!”

“తాళాలాయన ఇంటికే కన్నం పడిందా, ఆయనే ఇంకొకరింటికి వేశాడా?”

గ్రూపు నడిపేది రిటైరైన నర్సమ్మ. ఇంకొకరు కూర్చినది ఎత్తుకొచ్చి తనదని చెప్పుకుంటే గ్రూపు నుంచి వెళ్లగొట్టడం ఆవిడ పెట్టిన నియమం. ఆవిడ ఇద్దరినీ ఒకటే అడిగింది: “ఆరో పాట పక్కన ఏడోది ఎందుకు పెట్టారు?”

చెవిటి పిల్లి వెంటనే రాసింది: “ఆరోది వానలో తడిసి ఇల్లు చేరడం. ఏడోది తల తుడుచుకోవడం.”

మేస్త్రి ఎప్పుడూ చెప్పే మాటే చెప్పాడు: “చెబితే రుచి పోతుంది.”

“వచ్చే ఆదివారం దాకా చూస్తాను,” అని రాసింది నర్సమ్మ. “ఆలోగా దొంగ ఎవరో తేలకపోతే ముందు పెట్టినవాళ్లదే దండ. మీరు సామాను సర్దుకోండి మేస్త్రిగారూ.”

సాయంత్రం లాండ్రీ నడిపే మరదలు ఇస్త్రీ బట్టలు ఇవ్వడానికి వచ్చింది. భార్యకు ఆమె ఒక్కతే చెల్లెలు.

“ఏం బావా, మొహం అంత నలిగింది? దాన్ని కూడా పట్టుకెళ్లి ఇస్త్రీ చెయ్యనా?”

“కంప్యూటర్లో దొంగ పడ్డాడు. మేడమీద అద్దెకున్న మెకానిక్కే అయ్యుంటాడు. మొన్న దాన్ని బాగుచేసింది వాడే.”

“ఊళ్లోవాళ్ల తాళాలన్నీ తీస్తావు, నీ పెట్టెకు తాళం వేసుకోలేకపోయావా? అయినా ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు.”

“నేను పడతాను, చూస్తూ ఉండు.”

ఆమె వెళ్లాక మేస్త్రి ఉచ్చు పన్నాడు. వచ్చే ఆదివారం దండ కంప్యూటర్లో సిద్ధం చేశాడు. అందులో ఎనిమిదో పాట తీసేసి, ఆ చోట తాను ఉప్పునీళ్లు పుక్కిలించిన చప్పుడు పెట్టాడు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. దొంగ దాన్ని ఉన్నదున్నట్టు ఎత్తుకెళ్లి శనివారం పెడతాడు. రెండు వందల మంది కళ్లు మూసుకుని తన్మయంగా వింటూ ఉండగా పుక్కిలింత గరగర మొదలవుతుంది. తలుచుకుంటేనే నవ్వొచ్చింది. నాలుగు నెలల్లో నవ్వడం అదే మొదలు.

శనివారం తొమ్మిదింటికి చెవిటి పిల్లి దండ పెట్టింది. మేస్త్రి కొట్టు షట్టర్ సగం దించి, ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఏడోది అయిపోయింది. పగలబడి నవ్వడానికి సిద్ధమయ్యాడు.

ఎనిమిదోది మొదలైంది. పుక్కిలింత కాదు. తాను తీసేసిన పాటే.

అంటే దొంగ తన కంప్యూటర్ మొహం కూడా చూడలేదు. మెకానిక్కుకు పాపం తెలియదు. మేస్త్రి బల్ల మీది తాళంచెవిని, దాని పక్కనే ఉన్న నకలును చూశాడు. తర్వాత షట్టర్ పూర్తిగా దించి లాండ్రీకి నడిచాడు.

“చెవిటి పిల్లివి నువ్వేనా?”

మరదలు ఇస్త్రీపెట్టె పక్కన నిలబెట్టింది. “దీనికి వారం పట్టిందా బావా?”

“ఎలా తీశావు?”

“నీ కంప్యూటర్ నేను ముట్టుకోలేదు. నా దగ్గర కార్బన్ కాపీ ఉంది.”

దేనికి కాపీ అని ఆయన అడగలేదు.

“అందరి ముందూ నన్ను దొంగను చేశావు.”

“నేనా? నేను పెట్టిన వాటి కింద ఎక్కడైనా ‘నాది’ అని రాసుకున్నానా? చూడు.”

ఆయన ఫోన్ తీసి చూశాడు. ఎక్కడా లేదు.

“రేపు నర్సమ్మకు నా పేరు చెప్పెయ్,” అంది మరదలు. “లేదంటే ఉన్న మాట చెప్పు. నీ ఇష్టం.” చొక్కా ఒకటి బల్ల మీద పరిచింది గానీ, పెట్టె అందుకోలేదు.

ఆదివారం ఉదయం నర్సమ్మ అడిగింది: “మేస్త్రిగారూ, దొంగ దొరికాడా?”

“దొరికాడు,” అని రాశాడు మేస్త్రి.

“ఎవరు?”

రెండు వందల మంది చూస్తున్నారు. ఆయన ఒక వాక్యం టైపు చేసి చెరిపేశాడు. మళ్లీ చేశాడు. మళ్లీ చెరిపాడు.

ఆరేళ్లుగా ఆ పాటలన్నీ ఏరినదీ, పోయేముందు ఏడాదికి సరిపడా వరుసలు కార్బన్ పెట్టి రాసిచ్చినదీ తన భార్య అని ఆయన ఇంకా రాయలేదు.