మోచేతి మడత

స్నానాల గది తలుపు తెరుచుకునేసరికి అమ్మ క్రీము డబ్బాతో సిద్ధంగా నిలబడి ఉంది. ఒంటి తడి పూర్తిగా ఆరకముందే రాయాలి. ఆలస్యమైతే చర్మం బిగుసుకుపోతుంది. ఈ విషయంలో అమ్మ ముందు నర్సులు కూడా బలాదూర్.

"చెయ్యి చాపు చిన్నీ."

అమ్మాయి చాపింది. మోచేతి మడతలో ఎర్రటి గీతలు, వాటి చుట్టూ మానిపోయిన నల్ల మచ్చలు. అమ్మ రుద్దలేదు, వేళ్ళ కొసలతో మెల్లగా అద్దింది. అమ్మాయి కళ్ళు మూసుకుంది.

"మళ్ళీ గీరావా? గోళ్ళు నిన్ననేగా కత్తిరించాను!"

"దురదమ్మా."

ఆ ఇంట్లో సబ్బుకు వాసన ఉండదు. చొక్కాలకు మెడ దగ్గర చీటీలు ఉండవు. ఉన్ని దుప్పట్లు అటకెక్కాయి. పెంపుడు పిల్లి పక్కింటికి కాపురానికి వెళ్ళిపోయింది. చిన్నికి పాలు తాగే వయసులో ఎగ్జిమా వచ్చిన దగ్గర్నుంచీ నడుస్తున్న భాగోతమిది.

ఆ ఇంట్లో ఆడపిల్లలు ఇద్దరు ఉండేవారు. కవలలు. ఒకటే ముఖం, ఒకటే గొంతు. చుట్టాలు తికమకపడితే అమ్మ మోచెయ్యి తిప్పి చూపించేది. మచ్చలుంటే చిన్ని, లేకపోతే పెద్దది.

ఒకరోజు పెద్దది కూడా చెయ్యి చాపింది. "నాకూ రాయవా అమ్మా!"

"నీకేం రోగమే? గుండ్రాయిలా ఉన్నావు. తప్పుకో, డబ్బా అయిపోతుంది" అంది అమ్మ. నవ్వుతూనే అంది.

కిందటి చలికాలానికి అమ్మ కష్టం ఫలించింది. చిన్ని ఒంటి మీద మచ్చలు పూర్తిగా మాసిపోయాయి. ఇద్దరినీ పోల్చుకోవడం అమ్మకే కష్టమైంది. ఎదురుపడిన ప్రతి ఒక్కరికీ చెప్పుకుని మురిసిపోయింది.

ఆ మురిపెం ఎంతో కాలం నిలవలేదు. స్కూలు వ్యాను బోల్తా పడింది. ఇంటికి ఒక్కతే తిరిగొచ్చింది.

దురద మళ్ళీ మొదలైంది. ఇల్లు నిశ్శబ్దంగా ఉండే మధ్యాహ్నాల్లో, ఖాళీ మంచం మీంచి గోళ్ళతో గీరుతున్న చప్పుడు అమ్మాయికి వినిపిస్తుంది. చెవులు మూసుకున్నా వినిపిస్తుంది. అద్దంలో చూసుకోవాలంటే భయం. అక్కడ ఇద్దరూ ఉంటారు. ఇవేవీ అమ్మకు చెప్పదు.

ఆ వారం అమ్మ ఆమెను చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ చేతులు చూసింది. వెనక్కి తిప్పి వీపు చూసింది.

"వీపు మీద కూడా ఉండేదన్నారు?"

"అక్కడే ఎక్కువండీ. గీరి గీరి చొక్కాలన్నీ రక్తం మరకలే."

"ఇప్పుడక్కడ ఏమీ లేదే! చెయ్యి బాగా అందే చోటే గాట్లున్నాయి." డాక్టరమ్మ కళ్ళజోడు సర్దుకుంది. "చర్మం ఆరోగ్యంగానే ఉంది. ఏమ్మా, నిజంగా దురదేనా?"

అమ్మాయి తల వంచుకుంది.

"తగ్గిపోతే అమ్మ రాయదుగా" అంది.

అమ్మ పైటచెంగుతో కళ్ళు ఒత్తుకుంది. "తోడు పోయిన దిగులండీ దీనికి. దిగులొస్తే చాలు, చేతులు గీరేసుకుంటుంది. ఆ రోజూ అంతే. ఆస్పత్రి వరండాలో 'చిన్నీ, నా చిన్నీ' అని అరుచుకుంటూ పరిగెత్తాను. తలకు కట్టుతో మంచం మీద ఉంది, నోట మాట లేదు. దుప్పటి లాగి మోచెయ్యి తిప్పి చూశాను. ఎర్రగా గీరుకుని ఉంది. హమ్మయ్య, నా చిన్నే బతికింది అనుకున్నాను. పెద్దదాని కోసం ఏడవాలని ఆ తర్వాతే గుర్తొచ్చింది. పాపిష్టిదాన్ని."

అమ్మ సంచీలోంచి డబ్బా తీసి, కూతురి చేతిని ఒళ్ళోకి తీసుకుంది.

వరండాలోంచి ఆ కేక దగ్గరవుతుంటే దుప్పటి కింద గబగబా మోచేతులు గీరుకున్న పెద్దదానికి, అప్పటిదాకా దురదంటే ఏమిటో తెలియదు.