మాట్లాడించే క్లాసు

“ఈ క్లాసు ఉంచాలా, ఎత్తేయాలా అన్నది ఇవాళ తేల్చుకుని రమ్మన్నారు సార్ మావాళ్ళు,” అంది సంయుక్త, బ్యాగు కుర్చీకి తగిలిస్తూ.

సేతుమాధవరావు గొంతు సవరించుకున్నాడు. ఆదోని కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. ప్రతి ఆదివారం సాయంత్రం బస్సెక్కి ఎమ్మిగనూరు వచ్చి, నేతపనివాళ్ళ కాలనీలోని ఈ హాల్లో తల్లిదండ్రులకు పాఠం చెప్తాడు. గోడమీది బ్యానరు కూడా ఆయన రాయించిందే: ‘ఎదిగే పిల్లల్ని మాట్లాడించడం ఎలా?’ సంయుక్త ఈ క్లాసులకు డబ్బిచ్చే యూనివర్సిటీ నుంచి వచ్చింది. ఇలాంటి క్లాసుల వల్ల కుటుంబాల్లో ఏమైనా మారుతోందా అని పరిశోధన చేస్తోంది.

“ముందు ఫలితాలు చూడమ్మా,” అన్నాడాయన.

గొంతు ధైర్యంగానే వచ్చింది. చెయ్యి మాత్రం చొక్కా మడతను సర్దుతోంది. భార్య పద్మాబాయి పోయాక ఇస్త్రీ తనే నేర్చుకున్నాడు. క్లాసు పోతే, ఇస్త్రీ చొక్కాతో పనిపడే రోజు వారంలో ఇంకొకటి లేదు. ఆ సంగతి పరిశోధనకు అక్కర్లేదని మింగేశాడు.

“మీ పద్ధతి ఏమిటి సార్?”

“చాలా చిన్నది. పెద్దవాళ్ళు తక్కువ మాట్లాడాలి, ఎక్కువ వినాలి.”

అలా మొదలుపెట్టి, గ్రీకుల దగ్గర బయల్దేరి విజయనగరం మీదుగా సెల్‌ఫోను దాకా వచ్చేసరికి సంయుక్త చేతిలో టీ చల్లారిపోయింది. ఆమె మధ్యలో ఏదో అడగబోయింది. ఆయన చెయ్యెత్తి ఆపి, ఎదుటివాళ్ళు చెప్పేది వినడం ఎంత అవసరమో ఇంకాస్త వివరంగా చెప్పాడు.

“జనం బాగానే వస్తారా?” చివరికి ఆమెకు సందు దొరికింది.

“ఎండల్లో కూడా తగ్గలేదు. ఒకసారి మాత్రం శుక్రవారానికి మార్చాను. ఒక్కరూ రాలేదు. ఏదో కొత్త సినిమా పడుంటుంది.”

“పాఠం అయ్యాక సందేహాలు అడుగుతారా?”

“అడగరు. అదే విశేషం. లేచి, ఒక్క మాట అనకుండా, తల వంచుకుని వెళ్ళిపోతారు. అంత లోతుగా నాటుకుంటుందన్నమాట. దీనికి ‘అంతర్ముఖ ప్రభావం’ అని పేరు పెట్టాను. వ్యాసం కూడా రాస్తున్నాను.”

ఇంతలో ఒక్కొక్కరే వచ్చి చాపల మీద కూర్చుంటున్నారు. కాశప్ప కూర్చునే ముందు, హాల్లో ఉన్న ఒక్క ఫ్యానునూ సారు కుర్చీ వైపు తిప్పాడు. హులిగమ్మ స్టీలు డబ్బా తెచ్చి బల్లమీద పెట్టింది.

“ఉగ్గాని సారూ. వేడిగుండాది, తిను.”

“వారం వారం ఎందుకమ్మా ఇదంతా?”

“తిను సారూ. సిక్కిపోతాండావు.”

సేతుమాధవరావు సంయుక్త వైపు చిన్నగా తిరిగి, “గురుదక్షిణ,” అన్నాడు.

సంయుక్త నవ్వింది. “మీరు ఎదురుగా ఉంటే వీళ్ళు మొహమాటపడతారు. కాసేపు బయట కూర్చుంటారా సార్?”

ఆయన హుందాగా లేచి బయటికి నడిచాడు. గుమ్మం దాటగానే ఆ హుందాతనం అక్కడే వదిలేసి, పరీక్ష ఫలితాలు చూడొచ్చిన కుర్రాడిలా కిటికీ పక్కన గోడకు ఆనుకున్నాడు.

“మీరు ఇక్కడికి ఎందుకొస్తారమ్మా?” సంయుక్త గొంతు.

“మాట్లాడిచ్చేకి,” అంది హులిగమ్మ.

“మీరెందుకన్నా?”

“అంతే మేడమ్,” అన్నాడు కాశప్ప. “మాట్లాడిచ్చేకే వస్తాండాం, అందరం.”

సేతుమాధవరావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. బ్యానరు మీది మాట బ్యానరు మీద ఉన్నట్టే వచ్చింది వాళ్ళ నోట. వ్యాసానికి ముగింపు దొరికింది. పక్కన తన ఫోటో కూడా వేస్తారేమో, ఈ చొక్కాలోనే దిగాలనుకున్నాడు.

“అయితే ఇప్పుడు పిల్లలు ఇంట్లో బాగా మాట్లాడుతున్నారా?”

“పిల్లోల్లా?” కాశప్ప నవ్వాడు. “మావోడు నోరు మూసేది నిద్రపోయినప్పుడే మేడమ్. అప్పుడు గూడ గ్యారంటీ లేదు.”

“మరి మీరు మాట్లాడించేది ఎవరిని?”



“సారునమ్మా,” అంది హులిగమ్మ. “పోయిన ఉగాది ముందర వాళ్ళ పద్మాబాయమ్మ పోయిరి గదా. శానా మంచి మనిసి. సారు ఆపక్క పాఠం సెప్తాంటే, ఆయమ్మ ఈపక్క మాతోపాటు కింద కూసోని కష్టసుఖం అడుగుతుండె. అప్పుడు ఆయమ్మతో మాట్లాడేకి వస్తాంటిమి. మనిసి పోయిన ఇంటోళ్ళను, దుక్కంలో ఉన్నోళ్ళను, పోయి మాట్లాడిచ్చల్ల గదా. ఆదోనికి పోదామనుకుంటిమి గాని, మగ్గాలు ఇడ్సిపెట్టి అందరం యాడ పోతాం? అంతలోకి ఆయప్పే వచ్చె. వారం వారం వస్తానే ఉండాడు. సరే, ఈడ్నే మాట్లాడిస్తాండాం.”

“శుక్రవారం...”

“శుక్రారం మాట్లాడియ్యరు గదమ్మా. అందుకే ఆ పొద్దు రాలే. లేసి పోయేటప్పుడు పోయొస్తామని గూడ సెప్పం, దుక్కంలో ఉన్నోళ్ళకు అట్ల సెప్పగూడదని.”

గోడకు ఆనుకున్న సేతుమాధవరావు కళ్ళజోడు మళ్ళీ తీశాడు. ఈసారి తుడవాల్సింది అద్దాలు కాదు. అంతర్ముఖ ప్రభావం ఆయన మీదే పనిచేస్తోంది.

సంయుక్త రాసుకునే పుస్తకం మూసింది. తర్వాత మెల్లగా అంది: “అయితే పాఠాలతో మీకు పని లేదన్నమాట. క్లాసు ఎత్తేయమని చెప్పనా?”

“వద్దు తల్లీ, ఇంగా కొన్నాళ్ళు ఉండనీ,” అని హులిగమ్మ గొంతు తగ్గించింది. “ఆయప్ప ఇంకా తేరుకోలే. నువ్వే సూస్తివి గదా, కూసుంటే సాలు, ఏదేదో మాట్లాడతానే ఉండాడు.”