యాంటెనా లేని గొంతు

మొహావీ ఎడారిలో పాత గని బాట అది. చీకటి పడింది. ఒకపక్క లోయ, ఇసుకగాలికి చక్రాల జాడలు చెరిగిపోయాయి. జీపులో వెళ్తున్న మమ్మల్ని దారిలో పెడుతున్నది నా చేతి రేడియోలో వినిపిస్తున్న ఒక ముసలి గొంతు.

“ముందు రాయుంది, ఎడమకి తిప్పు తల్లీ,” అంటే సరిగ్గా అక్కడే రాయి. ఇరవై ఏళ్ళుగా ఈ బాటల్లో తిరుగుతున్నాను. ఇంత గొప్పగా దారి చెప్పే మనిషిని చూడలేదు.

“ఏ కొండ మీద కూర్చున్నాడో మహానుభావుడు! నువ్వూ ఉన్నావు, చేతిలో మ్యాపున్నా దారి తప్పుతావు,” అని నవ్వింది స్టీరింగు తిప్పుతూ నా భార్య లోర్నా.

“అది సరే, బండి నడిపేది ఆడమనిషని ఆయనకెవరు చెప్పారు? రేడియోలో మాట్లాడింది నేనొక్కణ్ణే కదా?”

అనుమానంతో రేడియోకున్న యాంటెనా ఊడదీశాను. అది లేకపోతే, చెయ్యి చాపితే అందేంత దగ్గరున్నవాడి మాట తప్ప ఏదీ గట్టిగా వినిపించదు.

“కుడికి... ఇంకాస్త... శభాష్.”

గొంతు రవ్వంత కూడా తగ్గలేదు.

లోర్నా నవ్వు ఆగిపోయింది. ఇద్దరం వెనక్కి తిరగలేదు.

“యాంటెనా పెట్టుకో నాయనా,” అంది గొంతు ఆప్యాయంగా. “లోయ దాటేశాం. నేనిక్కడ దిగిపోతాను. దూరమైతే నీకు వినపడను.”

వెనకసీటు స్ప్రింగులు కిర్రుమన్నాయి. జీపు కాస్త పైకి లేచింది.