టికెట్లన్నీ అయిపోయాయి

"ఎక్కండర్రా! ఇంకాసేపట్లో రైలు కదిలిపోతుంది, ఎక్కండి!" అని టీకొట్టు అక్క గొంతు చించుకుని అరుస్తోంది. ప్లాట్‌ఫారం మీద ఇసుక వేస్తే రాలనంత జనం. రైల్లో మాత్రం పురుగు లేదు.

మూతబడ్డ లైను మీద ఇన్నేళ్ళకి వచ్చిన మొదటి రైలు అది. అదే ఆఖరిదీ కావచ్చు. ఈ ఒక్కరోజూ నడిపి చూస్తామనీ, జనం ఆదరిస్తే సరేసరి, లేకపోతే పట్టాలు పీకేసి స్టేషను పడగొట్టేస్తామనీ పైవాళ్ళు తెగేసి చెప్పారు. చూసి చెప్పమని ఒక ఆఫీసర్ని కూడా పంపారు. అక్క టీకొట్టు స్టేషను గోడని ఆనుకునే ఉంది. గోడ పోతే కొట్టు పోతుంది, కొట్టు పోతే ఆమె ఇంట్లో పొయ్యి వెలగదు.

ఆదరణకి లోటేమీ లేదు. పొద్దున్నే కౌంటర్ తెరిచీ తెరవగానే ఊరు ఊరంతా విరుచుకుపడి టికెట్లు కొనేసింది. అందనివాళ్ళు గుమస్తాతో పోట్లాటకి దిగారు. తీరా రైలొచ్చి ఆగాక ఒక్కరి కాలూ మెట్టు మీదికి లేవడం లేదు.

అక్క ముందు రైలు సాధన సమితి అధ్యక్షుడి దగ్గరికి పరుగెత్తింది. "మీరెక్కితే అందరూ ఎక్కుతారు బాబాయ్!"

"నేనెక్కితే జెండా ఎవరు ఊపుతారమ్మా?" అన్నాడాయన చేతిలో పచ్చజెండా సవరించుకుంటూ. "రైలెక్కడానికేం, ఎవరైనా ఎక్కుతారు. జెండా ఊపడం అందరివల్లా అవుతుందా?"

లాభం లేదనుకుని కార్యదర్శి చొక్కా పట్టుకుంది. అతను మొహం మొటమొటలాడించాడు. "బండి బయట పెట్టొచ్చానక్కా. నేను రైల్లో పోతే అది ఇంటికెలా వస్తుంది?"

"పట్నం పోవడానికి రైలు కావాలని నువ్వేగా తమ్ముడూ నిరాహారదీక్ష చేశావు?"

"చేశాను. దీక్ష విరమించి బండి మీదే పట్నం పోయాను కూడా. రోజూ పోతూనే ఉన్నాగా!"

మంగలి సెల్‌ఫోన్ ఎత్తిపట్టుకుని రైలుని ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఫొటోలు తీస్తున్నాడు. అతన్నడిగితే విడ్డూరంగా చూశాడు. "లోపలికెళ్ళి కూర్చుంటే రైలెక్కడ కనబడుతుందక్కా?"

దర్జీ అయితే ఇంటిల్లిపాదికీ టికెట్లు కొన్నాడు. వాటిని నలగకుండా రెండు అట్టముక్కల మధ్య పెట్టుకుని నిలబడ్డాడు. "పటం కట్టించి షాపులో పెడతాను. రైలెక్కానంటే టీసీ పెన్నుతో గీత గీసి పాడుచెయ్యడూ?"

అంతలో ఒక మామ్మ కర్ర పొడుచుకుంటూ వెళ్ళి రైలెక్కేసింది. అక్కకి పోయిన ప్రాణం లేచొచ్చింది. మామ్మ కిటికీ పక్కన కూర్చుంది, సీటుని అరచేత్తో నొక్కి చూసింది, కిటికీ రెక్క ఎత్తి దించింది. ఆనక తాపీగా దిగొచ్చేసింది.

"అదేంటి మామ్మా, దిగిపోయావు?"

"సీట్లు మెత్తగానే ఉన్నాయే. ఇంక నడుపుకోమను," అని అనుమతిచ్చి వెళ్ళిపోయింది.

అక్కకి ఏడుపూ కోపమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. నా కొట్టు కోసం నేను కాకపోతే ఎవరెక్కుతారు అనుకుంది. కొంగున ముడేసుకున్న టికెట్ తడిమి చూసుకుని, విసవిసా వెళ్ళి మెట్టు మీద కాలు పెట్టింది. రెండో కాలు కూడా ఎత్తబోయింది.

"అక్కా! ఎక్కడ చచ్చావు? టీలు పొయ్యవా? ఎంతసేపని నిలబడాలి?"

వెనక్కి తిరిగి చూసింది. కొట్టు ముందు జనం, వాళ్ళ వెనక జనం, ఆ వెనక ఇంకా జనం. తన జన్మలో అంత గిరాకీ ఎన్నడూ చూడలేదు. పొయ్యి మీద పాలు పొంగడానికి సిద్ధంగా ఉన్నాయి. అక్క రైలు వంక చూసింది, పాల వంక చూసింది.

"వస్తున్నా, వస్తున్నా!" అంటూ మెట్టు దిగి పరుగుతీసింది.

రైలు కూత పెట్టింది. అధ్యక్షుడు జెండా ఊపాడు. జనం కేరింతలు కొట్టారు, చప్పట్లు చరిచారు, కొందరు కళ్ళు తుడుచుకున్నారు. డ్రైవరూ గార్డూ తప్ప నరమానవుడు లేని రైలు గడగడమంటూ వెళ్ళిపోయింది.

అప్పుడు చూశారందరూ ఆఫీసరుని. ఆయన ఇంతసేపూ కొట్టు పక్క బల్ల మీద కూర్చుని, టీ తాగుతూ అంతా చూస్తూనే ఉన్నాడు. జేబులోంచి ఫోన్ తీశాడు. ఆ మెట్టు దిగిన తన కాలిని అక్క తనే తిట్టుకుంది.

"సార్... జనమా? బ్రహ్మాండంగా వచ్చారు సార్. టికెట్లా? ఒక్కటి మిగిలితే ఒట్టు. రైల్లోనా?" ఆఫీసరు ఖాళీ పట్టాల వంక చూశాడు. "రైల్లో ఎవరూ లేరు సార్. అవును సార్, నేనే చూశాను. అలాగే సార్. మీరన్నదే వీళ్ళకి ఉన్నదున్నట్టు చెప్తాను."

ఫోన్ జేబులో పెట్టుకుని లేచాడు. అంతా ఆయన చుట్టూ మూగారు.

"మీ స్టేషను పడగొట్టడం లేదు. రేపట్నుంచి తెరుస్తున్నారు."

ఇంకేముంది! ఈలలు, గోల. అధ్యక్షుణ్ణి భుజాల మీదికి ఎత్తేశారు. జెండా ఊపడంలోనే ఉంది కిటుకంతా అని ఆయన పైనుంచి అరుస్తున్నాడు. అక్క సంతోషం పట్టలేక ఏడ్చేసింది. కొట్టు నిలబడింది. ఆఫీసరుకి ఇంకో టీ పోసి, చక్కెర రెండింతలు వేసి అందించింది.

"రైలు ఏ వేళకొస్తుందో కాస్త చెబుదురూ బాబూ, పాలు ఎక్కువ పొయ్యమని చెప్పుకోవాలి," అంది కళ్ళు తుడుచుకుంటూ.

"రైలు మీకెందుకమ్మా?" అన్నాడు ఆఫీసరు టీ ఊదుకుంటూ. "టికెట్ కౌంటర్ ఒక్కటీ తెరుస్తారు."