అల్లుడుగారు పెరుగు తింటారట

ఆ పొద్దున ఆకాశం తోడుకున్న పెరుగులా ఉంది. తెల్లటి మబ్బు కొల్లేటి మీద ఎక్కడా విరగకుండా మీగడ కట్టింది. చేపల చెరువు గట్టున నిలబడి సారమ్మ దానివంక చూస్తుండగానే చేతిలో ఫోను మోగింది.

"అమ్మా, ఆయన మారిపోయారే!" అంది కూతురు క్రిస్టినా.

సారమ్మ గుండె జారింది. "ఏ సంఘానికి మారారమ్మా?"

"సంఘం కాదమ్మా, తిండి! ఇవాళ్టి నుంచి వెజిటేరియనంట. పాలు, పెరుగు, నెయ్యి అన్నీ పుచ్చుకుంటారంట. మధ్యాహ్నానికి వచ్చేస్తున్నాం."

"మరి చేపలు?"

"అమ్మా, ఆశకి హద్దుండాలి."

సారమ్మ గట్టు దిగలేదు, దొర్లినంత పని చేసింది. ఇల్లు చేరేలోగా కనిపించిన వాళ్ళందరికీ చెప్పేసింది.

"మా అల్లుడుగారు పెరుగు తింటారంట!"

"పోనీలే సారమ్మా, ఆ జబ్బు తగ్గిపోయిందన్నమాట," అంది సుబ్బరాజు గారి భార్య.

నిరంజన్‌ది తాడేపల్లిగూడెంలో బ్యాంకు ఉద్యోగం. పెళ్ళయిన కొత్తలో ఒక్కసారే అత్తగారి చేతి విందు తిన్నాడు. కొర్రమీను పులుసు, రొయ్యల వేపుడు, నాటుకోడి, ఆపైన పూర్ణాలు, చివర గడ్డపెరుగు. "ఇంకొక్కటి బాబూ, నా మీద ఒట్టు" అంటూ సారమ్మ వంగినప్పుడల్లా అతను ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టాడు. ఆమె వేళ్ళ సందుల్లోంచి వడ్డించింది. వాళ్ళమ్మ అలాగే పెట్టేది. వాళ్ళ అమ్మమ్మా అంతేనట. ఆ సాయంత్రం మామగారు అహరోను అల్లుడి రెక్క పట్టుకుని లేపి, చెరువు గట్టు మీద చీకటి పడేదాకా నడిపించాడు.

మళ్ళీ వచ్చినప్పుడు నిరంజన్ ఆకు ముందు కూర్చుని నీళ్ళు నమిలాడు.

"అత్తయ్యగారూ, నేను... అదేనండి... నేను..."

"వీగన్," అన్నాడు పక్కనుంచి అహరోను.

"ఆఁ. వీగన్నండి."

"అదేం జబ్బు బాబూ?"

"జబ్బు కాదే. చేప, మాంసం, గుడ్డు, ఆఖరికి పాలు, పెరుగు, నెయ్యి కూడా ముట్టరు," అని అల్లుడి బదులు అహరోనే చెప్పాడు. చేపల మేతా, చెరువు నీళ్ళూ తప్ప ఇంకో సంగతి ఎత్తని మనిషి ఆ రోజు అంత మాట్లాడాడు.

నియమం అన్నాక ఒట్టు పెట్టడానికి సారమ్మకి నోరు రాలేదు. అప్పట్నుంచి అల్లుడొస్తే ఇంత చారూ అన్నం, ఓ వంకాయ కూర. ఆమె పెట్టే చెయ్యి ఊరుకోదు, పెట్టించుకునే ఆకు లేదు. అహరోనుకా, ఏనాడో షుగరు. ఒక క్రిస్మస్ విందు మర్నాడు ఒక్కడే ఏలూరు వెళ్ళి పరీక్ష చేయించుకొచ్చాడు. అప్పట్నుంచి ఎండు పుల్కాలు, రాగిజావ. ఇంట్లో గేదె ఇచ్చే పాలు, పెరుగు ఊరివాళ్ళ పాలు. 'ఒక్క పెరుగు ముద్ద నా అల్లుడిచేత తినిపించు తండ్రీ' అని సారమ్మ రోజూ మోకాళ్ళ మీద అడుగుతూనే ఉంది.

ఇవాళ ఆ ప్రార్థన ఫలించింది.

"ఏవండీ! శనగపప్పు! బెల్లం! యాలకులు!"

అహరోను చెప్పులు కూడా వెతుక్కోకుండా పరిగెత్తాడు. ఆయన అంత జోరుగా నడవడం వీధిలో ఎవరూ చూసి ఎరగరు. అడగని జీడిపప్పు కూడా పట్టుకొచ్చాడు.

సారమ్మ నాలుగు పొయ్యిలకు తనొక్కతే సరిపోయింది. వెన్న కాచింది. ఇల్లంతా నేతి వాసన. ఆవడలు వేసి పెరుగులో ముంచింది. మజ్జిగపులుసు, ముద్దపప్పు, పాలతాలికలు. బొబ్బట్లు కాలుస్తూ పాట అందుకుంది. రాగం ఆరాధనది, మాటలు నెయ్యివి. వీధి గుమ్మంలో అహరోను రాగిజావ గ్లాసు పట్టుకుని, తాగకుండా కూర్చున్నాడు.

కారు ఆగింది.

"నిజమేనా బాబూ?" అంది సారమ్మ, చేతి నిండా పిండితో ఎదురెళ్ళి.

"ఆ రోజు తిన్న మీ గడ్డపెరుగు కలలోకి వస్తోందండి అత్తయ్యగారూ," అన్నాడు నిరంజన్. "కాకపోతే ఒక్క మాటండి. మీరూ మాతోపాటు కూర్చోవాలి. మీరు నుంచుని వడ్డిస్తే నేను తినను."

సారమ్మ కళ్ళు చెమర్చాయి. అత్తగారిని పక్కన కూర్చోబెట్టుకునే అల్లుడు ఎంతమందికి దొరుకుతాడు?

గుమ్మంలో అహరోనుకి రాగిజావ పొలమారింది.

నలుగురూ కూర్చున్నారు. అహరోను ప్రార్థన చేశాడు, ఎన్నడూ లేనంత పొట్టిగా. బొబ్బట్టు మీంచి నెయ్యి జారి ఆకు ఈనె వెంట పాకుతోంది. నిరంజన్ కళ్ళు మూసుకుని తింటున్నాడు. మధ్యమధ్య క్రిస్టినాకి నవ్వు వస్తోంది, ముద్దతో నొక్కేస్తోంది. సారమ్మ తన ముద్ద మరిచిపోయి అల్లుడి నోరు చూస్తోంది. అహరోను ఎండు పుల్కా తుంచి, దాని వేపు కాకుండా బొబ్బట్ల వేపు చూస్తూ నములుతున్నాడు. ఆయన చెయ్యి దారి తప్పినట్టు నేతిగిన్నె దాకా వెళ్ళింది. సారమ్మ ఒక్క చూపు చూసింది. చెయ్యి వెనక్కి వచ్చింది.

సారమ్మ పెరుగుకుండ తేవడానికి వంటింట్లోకి లేచింది.

అహరోను అల్లుడి చెవి దగ్గరికి వంగాడు.

"నేను నేర్పిన వీగన్‌లోంచి మీరైతే తెలివిగా బయటపడ్డారు అల్లుడుగారూ, మరి నాకు ఏనాడూ లేని షుగరు ఇప్పుడు తగ్గిపోయిందని మీ అత్తయ్యకి ఎలా చెప్పేది?"