వృశ్చిక రాశికి శుక్రవారం

ఈ వారం వృశ్చిక రాశిని దోచుకోవాలని కిరీటి నిశ్చయించుకున్నాడు.

రాశి మొత్తాన్ని కాదు. అందులో ఒక్క వెంకటకృష్ణారావుగారిని.

ఆయన వన్ టౌన్‌లో ఎండుమిర్చి హోల్‌సేల్ వ్యాపారి. ‘వర్తక జాతకం’ వారపత్రికలో తన రాశి చూసుకోనిదే కొట్టు షట్టర్ ఎత్తించడు. ఆకుపచ్చ కలిసొస్తుందని అందులో వస్తే వారమంతా ఆకుపచ్చ చొక్కాల్లోనే తిరిగిన మనిషి.

కిరీటి ఆ పత్రికలోనే కంప్యూటర్ మీద పేజీలు పెడతాడు; ఆయన కొట్టుకి ప్రతి సంచికా తనే ఇచ్చొస్తాడు. వ్యాపారస్తుల కోసమే పుట్టిన జ్యోతిష పత్రిక. ఒకప్పుడు బస్టాండులో కట్టలు విప్పీ విప్పకుండానే అయిపోయేది. ఫోన్లలో జాతకాలు ఉచితంగా రావడం మొదలయ్యాక వన్ టౌన్ కొట్లకే మిగిలింది. నెలాఖరుకి మూసేస్తున్నానని ఎడిటరు పద్మావతమ్మ చెప్పేసింది. ఉద్యోగం ఊడేలోగా కాస్త వెనకేసుకోవాలని కిరీటి తాపత్రయం.

ఫలాలు రాసే సిద్ధాంతిగారు పోయి చాలాకాలమైంది. అప్పట్నుంచీ పాత సంచికల్లోవే తీసి, రాశులు అటూ ఇటూ మార్చి కిరీటే వేస్తున్నాడు. పద్మావతమ్మ ఏనాడూ అడగలేదు.

ఈసారి మాత్రం వృశ్చికానికి సొంతంగా కూర్చాడు: “శుక్రవారం కుటుంబానికి మోపిదేవి దర్శనం శ్రేయస్కరం. ఇంటి బయట కాపలా ఉంచరాదు. బంగారం బీరువా దాటరాదు.” పేజీ పద్మావతమ్మ బల్లమీద పెట్టి ఇంటికెళ్లిపోయాడు. అచ్చయ్యాక మళ్లీ చదివే అలవాటు అతనికి లేదు.

శుక్రవారం మధ్యాహ్నం వెంకటకృష్ణారావుగారి వీధి మొగలో టీ తాగుతూ, వాళ్ల కారు నిండుగా బయల్దేరడం చూశాడు. వెనక గోడ దూకాడు. వంటింటి గడియ తేలిగ్గానే ఊడింది. బీరువా గది తలుపు నెట్టాడు.

గదినిండా హమాలీలు. మధ్యలో కుర్చీలో వెంకటకృష్ణారావు, పత్రికతో విసురుకుంటూ.

“నువ్వేనా కిరీటీ,” అన్నాడాయన, దేవుడు కనబడినంత తృప్తిగా. “పత్రికలో రాశాక ఎవడో ఒకడు రాకపోతాడా అనుకుంటూనే ఉన్నా.”

పత్రిక చూపించాడు. కిరీటి వాక్యాల కింద మరొకటి ఉంది: “అయినను మధ్యాహ్నం తెలిసినవాడే దొంగగా వచ్చును. యజమాని లోపల పొంచి ఉన్నచో చిక్కును.”

ఫలాలన్నీ బూటకమనీ, రాసేది తానేననీ కిరీటి స్టేషన్‌లో మొత్తుకున్నాడు. ఎవరూ నమ్మలేదు. జోస్యం ఫలించిందనడానికి సాక్ష్యంగా తనే ఎదురుగా నిలబడ్డాడాయె. సాయంత్రానికి పత్రిక దొరక్క వన్ టౌన్‌లో ఆ పేజీ జిరాక్సులు అమ్ముడయ్యాయి. చందాలు కట్టేవాళ్లు ఆఫీసు మెట్లమీద వరస కట్టారు.

పద్మావతమ్మ ఫ్లాస్కులో కాఫీ పట్టుకుని స్టేషన్‌కొచ్చింది.

“ఎలా కనిపెట్టారండీ?” అన్నాడు కిరీటి నీరసంగా.

“పాతవి ఎత్తి వేస్తున్నన్నాళ్లూ నేనేమన్నా అన్నానా? సొంతంగా రాశావు చూడు, అప్పుడొచ్చింది అనుమానం.”

తన జాతకం నిజం చేసినవాడి మీద కేసేంటని వెంకటకృష్ణారావు అన్నాడట. పద్మావతమ్మ గ్లాసు కిరీటి చేతిలో పెట్టి, కానిస్టేబుల్ అటు తిరిగేదాకా ఆగి, గొంతు తగ్గించింది.

“సోమవారం పనిలోకి రా. తులారాశి వారికి పోయిన వస్తువు దొరుకునని రాసేశాను. ముందది పోయేలా చూడాల్సింది నువ్వే.”