నోట రాని పేరు

మూడయింది. ఫోను మోగలేదు.

సింగానల్లూరులోని ఆ ఇంటి ముందుగదిలో, కంప్యూటరు ఎదుట కూర్చుని మేనక పరీక్ష కాగితం మళ్లీ చదివింది. ‘కంప్యూటర్ పరిచయం. ప్రాక్టికల్. మూడు నుంచి నాలుగు లోపల. ఇంట్లోనే ఉండండి. ఫోను దగ్గర పెట్టుకోండి.’

దూరవిద్యలో ఆమెకిది మూడో ఏడు. రెండుసార్లు ఈ ప్రాక్టికల్లోనే తప్పింది. ఇంకో అవకాశం లేదు. సర్టిఫికెట్టు వస్తే మిల్లు ఆఫీసులో కుర్చీ. రాకుంటే నలభై మూడేళ్ల మోకాళ్లతో రోజుకు ఎనిమిది గంటలు నూలు యంత్రం ముందు నిలబడడమే.

మూడుంబావుకు ఫోను మోగింది.

“స్టడీ సెంటర్ నుంచి సుందరమూర్తిని. మీ పేజీ లాక్ అయిపోయిందమ్మా. పాస్‌వర్డ్ చెప్పండి, తెరిచిపెడతా.”

“సార్, నాకిప్పుడు ప్రాక్టికల్ ఉండాది...”

“అందుకేగా అడిగేది! పేజీ తెరవకుంటే ప్రాక్టికల్ ఎక్కడ? సీక్రం సొల్లుంగమ్మా, త్వరగా.”

మేనక నోరు తెరిచింది. మూసుకుంది.

ఎవరి ముందూ ఎన్నడూ పలకని మాటను పాస్‌వర్డుగా పెట్టుకోమని మొదటి పాఠంలోనే ఉంది. అది చదివి మేనక క్షణం కూడా ఆలోచించలేదు. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో ఆమె నోట రాని మాట ఒకటే. మొగుడి పేరు. అదే పెట్టింది.

“రాసి పంపేదా సార్?”

“ఇది ల్యాండ్‌లైన్. మెసేజ్ రాదు. నోటితోనే చెప్పాల.”

మేనక బల్ల మీదున్న అత్త ఫోనుతో మొగుడికి కొట్టింది. లేత్ వర్క్‌షాపు హోరులో అతడు ఎత్తలేదు.

తన ఫోనును అరచేత్తో మూసి, గుమ్మంలో మునగాకు దూస్తున్న అత్త కాంతమ్మాళ్ వైపు తిరిగింది.

“అత్తా, నీ కొడుకు పేరు ఈ సారుకు చెప్పు. నీ కాళ్లు పట్టుకుంటా.”

కాంతమ్మాళ్ చేయి ఆగిపోయింది. “నేనా! వానికి పెట్టింది ఎవురి పేరో తెలీదామ్మే? మా మామది. కడుపున పుట్టినోన్ని పుట్టినకాణ్నించి చిన్నోడా అనే పిలస్తా ఉండా. ఇప్పుడు ఫోన్లో మామ పేరు కూసేదా?”

“నా పరీక్ష పోతాదత్తా!”

“ఊర్లో ఇంకో పేరే దొరకలేదా నీకు? మేకపిల్ల పేరు పెట్టుకోనుంటే పోయేదిగా!”

ఫోనులోంచి గొంతు కరుకెక్కింది. “అమ్మా, రెండే నిమిషాలున్నాయి. పోనీ, అక్షరం అక్షరంగా చెప్పండి.”

మొదటి అక్షరం నాలుక చివరికొచ్చింది. అత్త కళ్లు పెద్దవి చేసి చూస్తోంది. గోడ మీది పటంలోంచి ఆ పేరు గల పెద్దాయనా చూస్తున్నాడు.

అక్షరం గొంతులోకి దిగిపోయింది.

“ఆఖరుసారి అడుగుతున్నా. చెప్తారా, లేదా?”

“నావల్ల కాదు సార్.”

అవతల ఫోను పెట్టేశారు.

నాలుగయింది. ఫోను మళ్లీ మోగలేదు. మేనక బల్ల మీద తల వాల్చేసింది. కాంతమ్మాళ్ మునగాకు చాట పక్కకు నెట్టి లేచి వచ్చి, కోడలి వీపు మీద చెయ్యి వేసింది.

“ఏడవద్దమ్మే. చిన్నోడు రానీ, వాణ్నే చెప్పమందాము.”

అప్పుడు ఫోను టింగుమంది. సెంటర్ నుంచి మెసేజి. మేనక కళ్లు తుడుచుకుని చదివింది.

‘సెంటర్ పేరు చెప్పి అడిగినా సరే పాస్‌వర్డ్ చెప్పకుండా ఉండగలరా అన్నదే నేటి ప్రాక్టికల్, మీకు ఇరవైకి ఇరవై మార్కులు — పరీక్షకుడు, సుందరమూర్తి.’